చాళ్ల నగరంలో గురుత్వ తరంగాల చదువు

ముంబై తెలుగు వాడల చరిత్ర: ధారావాహిక వ్యాసం

భారతదేశంలో గురుత్వ తరంగాల చదువు, పరిశోధన వేళ్లూనిన నగరాల్లో ముంబై ఒకటి. నగరం దక్షిణపు కొసన, కొలాబా దాటాక నేవీ నగర్‌లో, సముద్రాన్ని ఆనుకుని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) ఉంది. పొవైలో ఐఐటీ బాంబే, మాన్‌ఖుర్ద్‌లో హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం ఉన్నాయి. ఈ తరంగాలను పట్టేందుకు రాబోతున్న లైగో-ఇండియా పరికరపు కట్టడాల బాధ్యత తీసుకున్న అణుశక్తి శాఖ నిర్మాణ విభాగం కూడా ఈ నగరంలోనే ఉంది. వీటన్నిటి నడుమ, గ్రాంట్ రోడ్డుకూ బైకల్లాకూ మధ్య, కామాఠీపురా గల్లీలు. అక్కడి నుంచి ఉత్తరానికి వెళ్తే లోయర్ పరేల్, ప్రభాదేవి, వర్లీ, నాయ్‌గావ్‌లలో తెలుగు కుటుంబాలు తరాల తరబడి బతికిన చాళ్లు, అంటే వరుస గదుల కార్మికుల ఇళ్లు.

ప్రయోగశాలల చరిత్రనూ చాళ్ల చరిత్రనూ ఎవరూ ఒక్కచోట రాయరు. గురుత్వ తరంగాల విషయంలో మాత్రం ఆ రెంటినీ కలిపి చూడటానికి గట్టి కారణాలున్నాయి. ఈ శాస్త్రానికి సమీకరణాలు రాసేవాళ్లు ఎంత అవసరమో, కిలోమీటర్ల పొడవున నేల చదును చేసి పునాదులు వేసేవాళ్లూ, తర్వాతి తరానికి పాఠం చెప్పేవాళ్లూ అంతే అవసరం. ఆ మూడు పనులూ ముంబైలో ఎలా సాగాయో, వాటిలో తెలుగు నేలకూ తెలుగువారికీ ఉన్న చోటేమిటో ఈ భాగం చెబుతుంది.

నేలను కలిపినవారు

ఏడు దీవులుగా ఉన్న బొంబాయి ఒకే నగరం కావడానికి తొలి పెద్ద అడుగు హార్న్‌బీ వెల్లార్డ్. మహాలక్ష్మికీ వర్లీకీ మధ్య సముద్రపు నీరు లోపలికి రాకుండా అడ్డంగా కట్టిన ఈ కట్ట 1784లో పూర్తయింది. కట్ట వెనక పల్లపు నేలలు నెమ్మదిగా ఆరాయి. తర్వాతి కాలంలో దీవులను కలిపే బాటలు ఏర్పడ్డాయి. ఆరుతున్న ఆ చిత్తడి నేలల్లోనే తెలుగు కూలీలు గుడిసెలు వేసుకున్నారు. నిజాం రాజ్యం నుంచి వచ్చి మట్టిపని, రాతిపని, ఇళ్ల కట్టుబడి చేసిన వీరిని బొంబాయి కామాఠీలని పిలిచింది. వాళ్లున్న పేట కామాఠీపురా అయింది. పంతొమ్మిదో శతాబ్ది చివరికి వలస పాలకుల పోలీసు విధానాల వల్ల ఆ పేటకు వ్యభిచార వాడ అన్న ముద్ర పడింది. ఆ ముద్ర కింద కష్టజీవుల చరిత్ర చాలా కాలం కనబడకుండా పోయింది.

కామాఠీలలో కొందరు మేస్త్రీలయ్యారు, మేస్త్రీలలో కొందరు కాంట్రాక్టర్లయ్యారు. వారి చూపు కట్టుబడి దగ్గరే ఆగిపోలేదు. జ్యోతిరావు ఫూలే 1873లో పుణేలో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో వ్యంకు బాళోజీ కాళేవార్, జాయా కారాడీ లింగు, రామయ్య వ్యంకయ్య అయ్యవారు వంటి తెలుగు పెద్దలున్నారు. చదువు అందరి హక్కు అన్న ఫూలే మాట బొంబాయి తెలుగు వాడలకు అలా తొలినాళ్లలోనే చేరింది.

1854లో తాడ్‌దేవ్‌లో మొదటి నూలు మిల్లుకు పునాది పడ్డాక వలస రూపు మారింది. తెలంగాణ నుంచి పద్మశాలి కుటుంబాలు మగ్గం వదిలి మిల్లు పనికి వచ్చాయి. 1920లలో ప్రభుత్వం వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీలలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ (బీడీడీ) చాళ్లు కట్టించింది. సుమారు 160 చదరపు అడుగుల ఖోలీ (గది), వరండా చివర ఉమ్మడి కుళాయి. తెలుగు కార్మికుల పిల్లలు ఆ ఖోలీల్లోనే పెరిగి మున్సిపల్ బడికి వెళ్లారు. బొంబాయి మున్సిపాలిటీ నడిపే బడుల్లో మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది.

పెడ్డర్ రోడ్డు నుంచి నేవీ నగర్ దాకా

టీఐఎఫ్ఆర్ 1945 జూన్ 1న బెంగళూరులో మొదలై, ఆ ఏడాది చివరికి బొంబాయికి మారింది. తొలి వసతి పెడ్డర్ రోడ్డులో కెనిల్‌వర్త్ అనే బంగళాలో కొంత భాగం. 1949లో గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గరి పాత యాట్ క్లబ్ భవనానికి వెళ్లింది. 1954లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నేవీ నగర్ భవనాన్ని 1962 జనవరిలో ఆయనే ప్రారంభించారు. సంస్థాపకుడు హోమీ భాభా దృష్టి ప్రధానంగా విశ్వకిరణాలు, అణుభౌతికం, గణితం మీద ఉన్నా, గురుత్వ అధ్యయనానికి ఆ సంస్థలో చోటు దొరికింది.

అప్పటికే బొంబాయికి సాపేక్ష సిద్ధాంతంతో బంధం ఉంది. బొంబాయిలో చదువుకున్న పి.సి. వైద్య, కాశీలో వి.వి. నార్లీకర్ దగ్గర పనిచేసి, 1943లో వెలుగును వెదజల్లే నక్షత్రం చుట్టూ గురుత్వం ఎలా ఉంటుందో చెప్పే గణిత పరిష్కారాన్ని ప్రచురించారు. శక్తి బయటికి పోతున్నకొద్దీ నక్షత్రం ద్రవ్యరాశి తగ్గుతుందన్న సంగతి ఆ పరిష్కారంలో ఇమిడి ఉంది. ప్రపంచమంతా దాన్ని వైద్య మెట్రిక్ అంటుంది. ఆయనకు 1949లో డాక్టరేటు ఇచ్చింది బొంబాయి విశ్వవిద్యాలయమే. 1970లలో అదే విశ్వవిద్యాలయంలో అరవింద్ కుమార్, ఆయన శిష్యుడు బాలా అయ్యర్ తిరిగే కృష్ణబిలాల చుట్టూ కణాల ప్రవర్తనపై పరిశోధన చేశారు. ఈ ఇద్దరి దారులూ తర్వాత వేరయ్యాయి. అయ్యర్ గురుత్వ తరంగాల లెక్కల్లో ప్రపంచ స్థాయికి ఎదిగారు, అరవింద్ కుమార్ బడిపిల్లల విజ్ఞాన విద్యను తన పని చేసుకున్నారు.

1972లో కేంబ్రిడ్జి నుంచి జయంత్ నార్లీకర్ టీఐఎఫ్ఆర్‌కు వచ్చారు. సాపేక్ష సిద్ధాంతం, విశ్వశాస్త్రం చదివే యువకులకు అక్కడ ఒక గూడు ఏర్పడింది. 1988లో ఆయన సారథ్యంలో పుణేలో ఐయూకా అనే అంతర్ విశ్వవిద్యాలయ కేంద్రం పుట్టింది. ఏ విశ్వవిద్యాలయపు అధ్యాపకుడైనా, విద్యార్థి అయినా వచ్చి ఖగోళ భౌతికం నేర్చుకోవచ్చన్నది దాని నియమం. భారతదేశంలో గురుత్వ తరంగాల పరిశోధనకు ప్రధాన కేంద్రం ఐయూకా కావడానికి ఆ తెరిచిన తలుపే కారణం.

తరంగం అంటే ఏమిటి

ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం గురుత్వం అంటే స్థలకాలపు వంపు. బరువైన వస్తువులు వేగంగా కదిలి, ఆ కదలికలో వేగం లేదా దిశ మారుతున్నప్పుడు వాటి వంపులో వచ్చే మార్పు కాంతి వేగంతో బయటికి ప్రయాణిస్తుంది. ఈ ప్రయాణించే మార్పే గురుత్వ తరంగం. 1916లో ఐన్‌స్టీన్ దీన్ని ఊహించారు, 1918లో లెక్క సరిచేశారు. తరంగం వచ్చే దిశకు అడ్డంగా స్థలం ఒక వైపు సాగుతుంది, దానికి లంబంగా ఉన్న వైపు కుంచించుకుంటుంది. మరుక్షణం ఇది తారుమారవుతుంది.

ఆ సాగడం ఎంత? 4 కిలోమీటర్ల పొడవులో వచ్చే తేడా ప్రోటాన్ వ్యాసంలో కొన్ని వందల వంతుల్లో ఒక వంతు. అందుకే ఈ తరంగాలు నిజంగా ఉన్నాయా, లెక్కలో పుట్టిన భ్రమా అన్న వాదన 1950ల చివరిదాకా సాగింది. 1960లలో అమెరికాలో జోసెఫ్ వెబర్ పెద్ద అల్యూమినియం స్తంభాలతో వీటిని పట్టబోయారు. 1969లో పట్టానని ప్రకటించారు కూడా, కానీ మరెవ్వరూ ఆ ఫలితాన్ని మళ్లీ చూపలేకపోయారు. 1974లో రసెల్ హల్స్, జోసెఫ్ టేలర్ ఒక జంట న్యూట్రాన్ తారలను కనిపెట్టారు. 7 గంటల 45 నిమిషాలకు ఒకసారి ఒకదాన్నొకటి చుట్టే ఆ జంట ప్రదక్షిణ కాలం ఏటా సుమారు 76 మైక్రోసెకన్లు తగ్గుతోందని టేలర్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి కొలిచి చూపారు. గురుత్వ తరంగాలు మోసుకుపోయే శక్తికి ఐన్‌స్టీన్ సూత్రం ఇచ్చే లెక్క సరిగ్గా అంతే. తరంగాలు ఉన్నాయన్న నమ్మకం దీనితో స్థిరపడింది. వాటిని నేరుగా పట్టుకోవడం మిగిలింది.

ఈ దశలో భారతీయుల కృషి మొదట బెంగళూరుకు చెందిన సి.వి. విశ్వేశ్వర చేతిలో కనిపిస్తుంది. అమెరికాలో పరిశోధన చేస్తూ 1970లో ఆయన ఒక సంగతి రుజువు చేశారు. కృష్ణబిలాన్ని కదిలిస్తే అది తన ద్రవ్యరాశికి తగిన ఒక నిర్ణీత స్వరంలో కంపించి, త్వరగా అణగిపోతుంది. ఆ స్వరం వినబడితే అక్కడున్నది కృష్ణబిలమేనని చెప్పవచ్చు.

రొదలో స్వరం

నేరుగా పట్టుకునే పరికరం ఇంటర్ఫెరోమీటరు. ఇంటర్మీడియట్ భౌతిక శాస్త్రంలో తరంగ దృశాశాస్త్రం చదివిన ప్రతి తెలుగు విద్యార్థికీ వ్యతికరణం తెలుసు. ఒకే లేజరు కిరణాన్ని రెండుగా చీల్చి, లంబంగా ఉన్న రెండు పొడవాటి బాహువుల్లోకి పంపి, చివరి అద్దాల మీంచి వెనక్కి వచ్చాక కలుపుతారు. బాహువుల పొడవులో ఏమాత్రం తేడా వచ్చినా కలిసిన కాంతి మారుతుంది. సూత్రం ఇంతే. కానీ భూమి కంపనాలు, అద్దాల అణువుల కదలిక, కాంతి కణాల రాకలోని హెచ్చుతగ్గులు కలిసి పరికరంలో ఎడతెగని రొద పుట్టిస్తాయి. తరంగపు జాడ చాలాసార్లు ఆ రొదకన్నా బలహీనంగా ఉంటుంది.

మిల్లుల పేట గిరణ్‌గావ్ చాళ్లలో తెల్లవారుజామున ఎన్ని మిల్లుల భోంగాలు (సైరన్లు) మోగినా కార్మికుడు తన మిల్లు భోంగాను గుర్తుపట్టేవాడు, ఎందుకంటే దాని తీరు ముందే తెలుసు. గురుత్వ తరంగాల వేట కూడా ఇదే పద్ధతి. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ దగ్గరవుతున్న రెండు కృష్ణబిలాల తరంగం క్రమంగా బలపడుతూ, అంతకంతకూ వేగంగా ఊగుతుంది. ఆ తీరును ముందుగా లెక్కగట్టి, ద్రవ్యరాశులు మార్చి మార్చి వేల నమూనాలు తయారుచేసి, పరికరం నమోదు చేసిన ప్రతి క్షణాన్నీ వాటితో పోల్చుతారు. ఎన్ని నమూనాలు ఉండాలి, ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉండాలి అన్నది పెద్ద ప్రశ్న. నమూనాలు తక్కువైతే జాడ తప్పిపోతుంది, ఎక్కువైతే కంప్యూటర్లు మోయలేవు. 1991లో ఐయూకా నుంచి బి.ఎస్. సత్యప్రకాశ్, సంజీవ్ ధురంధర్ ప్రచురించిన పత్రం ఈ ప్రశ్నకు తొలి క్రమబద్ధ సమాధానాల్లో ఒకటి. అప్పటికి ఈ తరంగాల కోసం అమెరికా తలపెట్టిన లైగో పరికరాల నిర్మాణం మొదలే కాలేదు.

నమూనాలు సరిగా ఉండాలంటే ఐన్‌స్టీన్ సమీకరణాలను ఒక్కొక్క మెట్టుగా మరింత కచ్చితంగా సాధించాలి. న్యూట్రాన్ తారల జంట పరికరం వినగలిగే పరిధిలో వేల ఆవృత్తులు పూర్తిచేస్తుంది. చిన్న పొరపాటు కూడా అన్ని ఆవృత్తుల్లో పోగుపడి నమూనాను పనికిరాకుండా చేస్తుంది. 1995లో ఫ్రాన్స్‌కు చెందిన బ్లాంషె, దామూర్, అమెరికాకు చెందిన విల్, వైజ్‌మన్‌లతో కలిసి బాలా అయ్యర్ ఈ లెక్కను రెండో న్యూటనోత్తర మెట్టు (న్యూటన్ సూత్రానికి చేర్చే సవరణల్లో రెండో స్థాయి) దాకా తీసుకెళ్లారు. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఆయన చుట్టూ ఒక శిష్యవర్గం పెరిగింది. పుణేలో ధురంధర్ శిష్యులు విశ్లేషణ పద్ధతులను ముందుకు తీసుకెళ్లారు. వారిలో అర్చనా పై 2001లో ధురంధర్, సుకాంత బోస్‌లతో కలిసి, వేర్వేరు దేశాల్లోని పరికరాలన్నిటినీ ఒకే పరికరంగా భావించి వెతికే పద్ధతిని వివరించారు. ఇప్పుడు ఆమె ఐఐటీ బాంబేలో పాఠం చెబుతూ పరిశోధక బృందాన్ని నడుపుతున్నారు. బొంబాయి విశ్వవిద్యాలయంలో మొదలైన దారి పుణే, బెంగళూరుల మీదుగా మళ్లీ ముంబైకి చేరింది.

నానా చౌక్ మున్సిపల్ బడి

ముంబైలో విజ్ఞాన బోధన చరిత్ర కామాఠీపురాకు నడిచి వెళ్లేంత దూరంలో మొదలైంది. 1970ల తొలినాళ్లలో టీఐఎఫ్ఆర్ శాస్త్రజ్ఞులు కొందరు మున్సిపల్ బడుల పిల్లలకు సైన్సు ఎలా అందుతోందన్నది పట్టించుకున్నారు. 1974లో హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం ఏర్పడినప్పుడు దానికి దొరికిన చోటు గ్రాంట్ రోడ్డు దగ్గర నానా చౌక్‌లోని మున్సిపల్ బడి భవనం. భౌతిక శాస్త్రవేత్త వి.జి. కులకర్ణి దాని తొలి సారథి. కూలీల, మిల్లు కార్మికుల పిల్లలు సైన్సులో ఎందుకు వెనకబడుతున్నారు అన్న ప్రశ్నను ఆ కేంద్రం పరిశోధనాంశంగా తీసుకుంది. లోపం పిల్లల్లో లేదని, పాఠ్యపుస్తకపు భాషలోనూ బోధించే తీరులోనూ ఉందని దాని పని చూపింది. పాఠాన్ని సులువైన మాటల్లో తిరగరాసి, చేతితో చేసే ప్రయోగాలు చేర్చితే అదే పిల్లలు రాణించారు.

1990ల ఆరంభంలో కేంద్రం మాన్‌ఖుర్ద్‌కు తరలింది. 1994లో దాని డైరెక్టరు బాధ్యత తీసుకున్నది కృష్ణబిలాల మీద పనిచేసిన ఆ అరవింద్ కుమారే. దేశంలో సైన్సు ఒలింపియాడ్‌ల శిక్షణ ఆ కాలంలో ఈ కేంద్రం చేతికి వచ్చింది. ఖగోళశాస్త్ర ఒలింపియాడ్ కూడా అందులో భాగమైంది. 2025 ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర, ఖగోళ భౌతికశాస్త్ర ఒలింపియాడ్‌ను ముంబైలో నిర్వహించింది ఈ కేంద్రమే.

మిల్లుల నడిబొడ్డున మరో రెండు బోధనా స్థలాలు వెలిశాయి. వర్లీలో నెహ్రూ తారామండలం 1977లో, నెహ్రూ సైన్స్ సెంటర్ 1985లో తెరుచుకున్నాయి. రెండూ వర్లీ బీడీడీ చాళ్లకు దగ్గరే. ఇవి పెరుగుతున్న కాలంలోనే, 1982 జనవరి 18న మొదలైన సమ్మెతో సుమారు 2.5 లక్షల మిల్లు కార్మికుల బతుకులు తలకిందులయ్యాయి. మిల్లు ఉద్యోగం కొడుక్కి వారసత్వంగా దొరికే రోజులు పోయాయి. తెలుగు చాళ్లలో చదువు ఒక్కటే దారి అన్న మాట గట్టిపడింది. 2009 నుంచి టీఐఎఫ్ఆర్ నడుపుతున్న ‘చాయ్ అండ్ వై’ ఆదివారపు ముచ్చట్లు జుహూలోని పృథ్వీ థియేటర్‌లోనూ, మాటుంగాలోని రూపారేల్ కాలేజీలోనూ ఎవరైనా వచ్చి కూర్చుని ప్రశ్న అడిగే వీలు కల్పించాయి.

హైదరాబాదు నుంచి టీఐఎఫ్ఆర్‌కు

కామాఠీలు బయలుదేరి వచ్చిన హైదరాబాదు రాజ్యానికి నక్షత్రాల చదువుతో పాత పరిచయమే. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల ప్రపంచ నక్షత్ర పట్టిక తయారీలో పాలుపంచుకుని లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1959లో ఖగోళశాస్త్ర శాఖను తెరిచింది. 1968లో జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పింది.

ఆ నగరంలో చదువుకుని బొంబాయి చేరిన వారిలో నందివాడ రత్నశ్రీ పేరు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. హైదరాబాదు మహిళా కళాశాలలో డిగ్రీ, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, టీఐఎఫ్ఆర్‌లో ఖగోళ భౌతికంలో డాక్టరేటు పొందారు. తర్వాత అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో జోఆనా రాంకిన్‌తో కలిసి పల్సార్ల మీద పనిచేశారు. పల్సార్ అంటే క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే, తిరుగుతున్న న్యూట్రాన్ తార. దాని ఒక్కొక్క స్పందన ఆకారం వేరుగా ఉంటుంది. వందల, వేల స్పందనలను కలిపి సగటు తీస్తే మాత్రం స్థిరమైన ఆకారం తేలుతుంది. ఎన్ని స్పందనలు కలిపితే ఎంత స్థిరత్వం వస్తుంది అన్న ప్రశ్న మీద ఈ ఇద్దరూ 1995లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో పత్రం ప్రచురించారు. పల్సార్లను గడియారాలుగా వాడాలంటే ముందుగా తెలియవలసిన సంగతి అది.

రత్నశ్రీ తర్వాతి జీవితమంతా బోధనే. రెండు దశాబ్దాలకు పైగా ఢిల్లీ నెహ్రూ తారామండలానికి డైరెక్టరుగా ఉన్నారు. తారామండలాన్ని ప్రదర్శనశాలగా మాత్రమే ఉంచకుండా విద్యార్థులు స్వయంగా కొలతలు తీసుకునే చోటుగా మార్చారు. జంతర్ మంతర్ రాతి యంత్రాలతో పిల్లల చేత సూర్యుడి, నక్షత్రాల స్థానాలు కొలిపించారు. 2021 మే 9న కోవిడ్‌తో మరణించారు. పరిశోధన చేసిన చేయి పాఠం చెబితే ఎంత మేలు జరుగుతుందో ఆమె జీవితం చూపింది.

2015 సెప్టెంబరు 14

2015 సెప్టెంబరు 14న అమెరికాలోని రెండు లైగో పరికరాలూ తొలి గురుత్వ తరంగాన్ని నమోదు చేశాయి. సూర్యుడికి 36 రెట్లు, 29 రెట్లు బరువైన రెండు కృష్ణబిలాలు సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో కలిసి 62 రెట్ల బిలంగా మారాయి. మిగిలిన 3 సూర్యుల ద్రవ్యరాశి తరంగశక్తిగా వెలువడింది. పరికరంలో జాడ ఉన్నది సెకనులో ఐదో వంతు. 2016 ఫిబ్రవరి 11న ప్రకటించిన పత్రంలో ఐయూకా, టీఐఎఫ్ఆర్ సహా భారత సంస్థల శాస్త్రజ్ఞులు సహరచయితలు. మరుసటి ఏడాది రైనర్ వైస్, బారీ బారిష్, కిప్ థార్న్‌లకు నోబెల్ వచ్చింది.

2017 ఆగస్టు 17న వచ్చిన తరంగం రెండు న్యూట్రాన్ తారల కలయికది. 100 సెకన్ల పాటు, దాదాపు 3,000 ఆవృత్తులు నమోదయ్యాయి. తరంగం ముగిసిన 1.7 సెకన్లకు గామా కిరణాలు, తర్వాత కాంతి, రేడియో తరంగాలు కూడా అందాయి. టీఐఎఫ్ఆర్ కట్టిన, పుణే జిల్లా ఖోడద్ దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో దూరదర్శిని ఆ రేడియో వెలుగును పరిశీలించింది. ఇలాంటి వెలుగులను వెంటాడటానికి ఐఐటీ బాంబే, భారత ఖగోళ భౌతిక సంస్థ కలిసి 2018లో లడఖ్‌లోని హాన్లేలో 0.7 మీటర్ల గ్రోత్-ఇండియా దూరదర్శినిని నెలకొల్పాయి. పొవైలో కూర్చున్న విద్యార్థులు దాన్ని నడుపుతూ పరిశోధన నేర్చుకుంటున్నారు.

హింగోలి నేల

ఒక్క పరికరంతో తరంగం వచ్చిన దిశ తెలియదు. దూరదూరంగా ఉన్న పరికరాలకు తరంగం ఎంత తేడాతో చేరిందో చూసి దిశను లెక్కగడతారు. అమెరికాలోని రెండింటి మధ్య దూరం సుమారు 3,000 కిలోమీటర్లే. భూగోళానికి ఈ వైపున ఒకటి ఉంటే దిశ చాలా కచ్చితంగా తెలుస్తుంది. ఈ ఆలోచనతో 2009లో భారత శాస్త్రజ్ఞులు ఇండిగో అనే కూటమిగా ఏర్పడ్డారు. తొలి తరంగం ప్రకటన తర్వాత ఆరు రోజులకు, 2016 ఫిబ్రవరి 17న, కేంద్ర మంత్రివర్గం లైగో-ఇండియాకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్ల రూపాయలకు తుది అనుమతి వచ్చింది. ఆ ఏడాది మే 11న శంకుస్థాపన జరిగింది.

ఎంచుకున్న చోటు మహారాష్ట్రలోని హింగోలి జిల్లా, ఔంఢా నాగనాథ్ సమీపం. 1956 దాకా ఇది హైదరాబాదు రాష్ట్రంలో భాగం, నిజాం కాలంలో హైదరాబాదు సైన్యానికి దండు ఉన్న ప్రాంతం. కామాఠీలు బొంబాయికి బయలుదేరిన రాజ్యపు నేలమీదే ఇప్పుడు ఈ పరికరం రాబోతోంది. ఎంపికకు కారణం శాస్త్రీయమే: భూకంపనాల రొద తక్కువ, నేల చదును, పెద్ద పరిశ్రమలూ రద్దీ రహదారులూ దూరం.

4 కిలోమీటర్ల బాహువులు రెండు, వాటిలో గాలి దాదాపు పూర్తిగా తీసేసిన గొట్టాలు, చివర్లలో 40 కిలోల అద్దాలు. పనిని నాలుగు సంస్థలు పంచుకున్నాయి. ఇండోర్‌లోని ఆర్‌ఆర్‌క్యాట్ లేజరు, దృశా పరికరాలు. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ శూన్య వ్యవస్థ. ఐయూకా విజ్ఞానం, డేటా, శిక్షణ. ముంబైలోని అణుశక్తి శాఖ నిర్మాణ విభాగం భవనాలు, పునాదులు. ఇలాంటి పరికరంలో మట్టిపనిని సాదా పనిగా చూడటం కుదరదు. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి 4 కిలోమీటర్ల పొడవున నేల గీతకన్నా మీటరుకు పైగా వంగుతుంది, కాంతి మాత్రం తిన్నగా పోతుంది. పునాది ఆ తేడాను సరిచేస్తూ లేవాలి, ఏళ్ల తరబడి కుంగకుండా నిలవాలి. కొలత ఎంత సూక్ష్మమో పునాది అంత గట్టిగా ఉండాలి.

పల్సార్ల గడియారాలు

లైగో పట్టుకునే తరంగాలు సెకనుకు పదుల నుంచి వేల సార్లు ఊగుతాయి. కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలాల జంటలు పుట్టించే తరంగాలు ఒక్కసారి ఊగడానికి ఏళ్లు పడుతుంది. వాటిని పట్టడానికి భూమ్మీద ఏ బాహువూ చాలదు. అందుకే గెలాక్సీలో చెల్లాచెదురుగా ఉన్న పల్సార్ల స్పందనలు ఎప్పుడు చేరుతున్నాయో ఏళ్ల తరబడి కొలుస్తారు. తరంగం భూమిని దాటుతుంటే కొన్ని దిశల స్పందనలు రవ్వంత ముందు, కొన్ని రవ్వంత ఆలస్యంగా వస్తాయి. సగటు స్పందన ఆకారం స్థిరంగా ఉంటేనే ఈ కొలత సాధ్యం. రత్నశ్రీ, రాంకిన్‌లు 1995లో అడిగిన ప్రశ్న విలువ ఇక్కడ తెలుస్తుంది.

భారత పల్సార్ కూటమి (ఇన్‌పీటీఏ) జీఎంఆర్‌టీతో ఈ పని చేస్తోంది. 45 మీటర్ల యాంటెన్నాలు 30 ఉన్న ఈ దూరదర్శిని తక్కువ పౌనఃపున్యాల్లో వినగలదు. నక్షత్రాల మధ్య ఉన్న ఎలక్ట్రాన్లు స్పందనలను ఎంత ఆలస్యం చేస్తున్నాయో ఆ పౌనఃపున్యాల్లోనే స్పష్టంగా తెలుస్తుంది. ఆ ఆలస్యాన్ని తీసివేస్తే తప్ప గురుత్వ తరంగపు జాడ బయటపడదు. 2023 జూన్ 29న ఐరోపా కూటమితో కలిసి, 25 పల్సార్ల దాదాపు 25 ఏళ్ల కొలతల్లో ఈ నెమ్మది తరంగాల జాడ కనబడుతోందని ఇన్‌పీటీఏ ప్రకటించింది. అమెరికా, ఆస్ట్రేలియా, చైనా బృందాలు అదే రోజు తమ ఫలితాలు వెల్లడించాయి. ఇన్‌పీటీఏలో టీఐఎఫ్ఆర్‌తో పాటు హైదరాబాదు ఐఐటీ కూడా ఉంది. 1995లో ఒక తెలుగు పరిశోధకురాలు పనిచేసిన రంగంలో ఇప్పుడు తెలుగు నేలమీది విద్యార్థులు తమ ఊళ్లోనే ఉండి పనిచేస్తున్నారు.

తెలుగులో పాఠం

గురుత్వ తరంగాల చదువుకు కావలసిన తొలి మెట్లు తెలుగులో ఇప్పటికే ఉన్నాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాల్లో గురుత్వాకర్షణ, తరంగాలు, వ్యతికరణం, లేజరు అన్నీ తెలుగు మాటల్లోనే నడుస్తాయి. లైగో పనిచేసే సూత్రం వ్యతికరణం పాఠానికి ఒక్క అడుగు దూరం. లేనిది ఆ అడుగు వేయించే పాఠం. తొలి తరంగం నమోదైన డేటాను లైగో అందరికీ ఉచితంగా ఇచ్చింది. మామూలు కంప్యూటరు ఉన్న కళాశాల విద్యార్థి ఎవరైనా దాన్ని తెచ్చుకుని, నమూనాతో పోల్చి, ఆ సెకనులో ఐదో వంతు జాడను తానే వెలికితీయవచ్చు. దీనికి దారిచూపే తెలుగు పుస్తకం ఉంటే ముంబైలోని తెలుగు మాధ్యమం బడి నుంచి వచ్చిన పిల్లకూ, కరీంనగర్ కళాశాల విద్యార్థికీ ఒకేలా ఉపయోగపడుతుంది.

బోధన భాష సులువైతే మున్సిపల్ బడి పిల్లలు సైన్సులో వెనకబడరని నానా చౌక్ అనుభవం అర్ధ శతాబ్దం కిందటే చూపింది. హింగోలిలో పరికరం పూర్తయ్యాక దాన్ని దశాబ్దాల తరబడి నడపడానికి లేజరు, శూన్య వ్యవస్థలు, కంప్యూటర్లు తెలిసిన ఇంజినీర్లు, సాంకేతిక నిపుణులు, విశ్లేషకులు వందల సంఖ్యలో కావాలి. ఆ పని చేయబోయేవాళ్లు ఇప్పుడు బడిలో ఉన్నారు. వారిలో చాళ్ల పిల్లలకూ తెలంగాణ, ఆంధ్ర పల్లెల పిల్లలకూ చోటు దక్కాలంటే, ఈ శాస్త్రం పాఠంగా వారి భాషలో వారి తరగతికి చేరాలి. ముంబైలో పరిశోధన, నిర్మాణం, బోధన మూడింటికీ సంస్థలు ఉన్నాయి. తెలుగులో ఆ మూడింటినీ కలిపే పుస్తకం, దాన్ని చెప్పే ఉపాధ్యాయులు కావాలి.